దుప్పటి కప్పిన ఉయ్యాల

విజయనగరం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కనుక ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు. ఒక కార్యాలయంలో గుమాస్తా. తండ్రి లేరు, తల్లి వీళ్ల దగ్గరే ఉంటున్నారు. భార్యకు ఇప్పుడు ఏడో నెల. నిరుడు ఇదే కార్తీకంలో ఐదో నెల గర్భం నిలవలేదు. అప్పటికి ఆయన బిడ్డ కోసం కొన్న వస్తువు ఒక్కటే, బొటనవేలంత మేజోళ్ల జత. ఎవరికీ చూపించకుండా ఆఫీసు సంచి లోపలి అరలో పెట్టుకున్నారు. ఇప్పటికీ అందులోనే ఉన్నాయట.

ఈ దసరాకు బొబ్బిలి దగ్గరి తాతగారి ఇల్లు విప్పేశారు. వాటాల్లో ఆయన అడిగి తెచ్చుకున్నవి మూడు టేకు తలుపులు. ఒక తలుపు మీద వాళ్ల నాన్న చిన్నప్పుడు మేకుతో గీసుకున్న పేరు ఉంది, దీర్ఘం మరిచిపోయి. పైడితల్లి సిరిమానోత్సవం అయిన మర్నాటి నుంచి రోజూ ఆఫీసు కాగానే వరండాలో కూర్చుని ఆ తలుపుల పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, కోసి, ఒక ఉయ్యాల తొట్టి, ఒక చిన్న బట్టల బీరువా చేయడం మొదలుపెట్టారు. వడ్రంగం తెలిసినవారు కాదు, ఫోనులో చూసి నేర్చుకున్నారు. తొట్టి పక్కచెక్క మీద తాటిచెట్టు, దానికి వేలాడే గిజిగాడి గూళ్లు బొమ్మ వేశారు. రంగులు అటక మీద ఎప్పటివో ఎనామెల్ డబ్బాల్లోవి.

తల్లి చూసి, "పుట్టకముందే ఉయ్యాల ఏమిటిరా? నిరుడు పడింది చాలలేదా?" అన్నారు. ఆ మాటకు ఆయన మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. మామగారు ఫోను చేసి, "ఉయ్యాల మా ఇంటి నుంచి రావాలి బాబూ, మేం పెట్టుకోలేమనుకున్నారా?" అన్నారు. భార్య మాత్రం ఏమీ అనలేదు. శ్రీమంతం అయ్యాక నరసన్నపేట దగ్గరి పుట్టింటికి బయలుదేరే ముందు రాత్రి ఆ తొట్టి మీద ఒక పాత దుప్పటి కప్పి, నాలుగు మూలలా తాడుతో కట్టి వెళ్లిపోయారు.

"ఆ ముడి విప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు. పని ఆపితే నేను నమ్మనిదాన్ని నమ్మినట్టవుతుంది. ఆపకపోతే, రేపు ఏదైనా జరిగితే నా వల్లే అంటారు. ఎవరిది తప్పు?" అని ఆయన ప్రశ్న.

బాబూ, మీరు అడగని విషయం ఒకటి ముందు చెప్పాలి. మిగతావన్నీ వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు. ఆ తలుపుల రంగు గురించి.

గీకుతుంటే పైన ఆకుపచ్చ, దాని కింద పసుపు, ఇంకా కింద ఎరుపు పొరలు బయటపడ్డాయని ముచ్చటపడుతూ రాశారు. పాతకాలపు నూనె రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం కలిసి ఉండేది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నిబంధనలు పెట్టారు, తయారీదారులకు అవి 2017 నవంబరు నుంచి వర్తించాయి. మీ తాతగారి తలుపులు దానికి కొన్ని దశాబ్దాల ముందువి. అటక మీది డబ్బాల వయసు మీకే తెలియదు. చూసి, వాసన పట్టి సీసం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు కనుక ఉన్నట్టే అనుకోవాలి. గట్టిగా అతుక్కుని ఉన్న పాత రంగుతో పెద్దగా బాధ లేదు. గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే సన్నటి పొడితోనే ప్రమాదం. ఆ పొడి గాలిలోకి, నేల మీదికి, బట్టల్లోకి, చేతుల నుంచి అన్నంలోకి పోతుంది. గర్భిణి ఒంట్లోకి చేరిన సీసం మాయను దాటి బిడ్డకు అందుతుంది, ఎదిగే మెదడుకు చేటు చేస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అనగలిగిన మోతాదు అంటూ దానికి లేదు.

మీ భార్య పుట్టింటికి వెళ్లేదాకా అదే ఇంట్లో ఉన్నారు. అందుకని ఆమె ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఈ సంగతి డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పాలి. రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది, అవసరమో కాదో డాక్టరు చెబుతారు. పీల్చినవారిలో మొదటివారు మీరే కనుక మీరూ అడగండి. ఐరన్, కాల్షియం మాత్రలు నోటికి సయించడం లేదని పక్కన పెట్టేస్తుంటే మానవద్దని చెప్పండి. ఒంట్లో ఆ రెండూ తక్కువైతే సీసం మరింత సులువుగా వంటబడుతుంది. ఇందులో గుండెలు బాదుకోవలసింది లేదు. దాచిపెట్టడం మాత్రం పనికిరాదు. తెలియక చేశారు, తెలిసింది కనుక ఇప్పుడు చెబుతారు, అంతే.

వరండా సంగతి. చీపురు పట్టకండి, పొడి మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిచి, ఆ గుడ్డను పారేయండి. పని చేసేటప్పుడు కట్టుకున్న బట్టలు విడిగా ఉతకండి. చెక్కముక్కలు, రంగు పెళ్లలు, పాత డబ్బాలు మందపాటి సంచిలో మూటగట్టి, హానికరమైన చెత్త అని చెప్పి మున్సిపాలిటీ వాళ్లకు విడిగా ఇవ్వండి. మీ అమ్మగారికి ఒకటి గట్టిగా చెప్పాలి: ఆ ముక్కలు నీళ్ల పొయ్యిలో పెట్టకూడదు. మన ఇళ్లలో వడ్రంగి పని అయ్యాక మిగిలిన చెక్కంతా కాగు కిందికే పోతుంది. ఎండు టేకు బాగా మండుతుంది కదా అని ఎవరో బాలింతకు నీళ్లు కాచడానికి దాచి ఉంచుతారు కూడా. ఆ పొగలోనూ బూడిదలోనూ అదే సీసం ఉంటుంది.

ఇక మీకు కష్టంగా తోచే మాట. ఆ తొట్టిలో బిడ్డను పడుకోబెట్టకండి. ఆరో నెల దాటిన పిల్లలు అందిన ప్రతి అంచునూ చప్పరిస్తారు, చిగుళ్లతో గీకుతారు. మళ్లీ రుద్ది కొత్త రంగు వేస్తాననుకుంటే మళ్లీ పొడి లేస్తుంది. మీరు బొమ్మ వేసిన ఆ చెక్కను మాత్రం పారేయమనను. విప్పి, పైన నీళ్ల వార్నిషు రెండు పూతలు వేసి, పిల్లల చేతికి అందని ఎత్తులో గోడకు పటంలా బిగించుకోవచ్చు. నాన్నగారి పేరున్న ముక్కకూ అంతే. దాన్ని ఇక రుద్దకండి. తడిగుడ్డతో తుడిచి, అలాగే వార్నిషు వేసి పైన పెట్టండి. దీర్ఘం లేని ఆ పేరును ఎత్తుకుని చూపించే రోజు మీకు వస్తుంది.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. "నిరుడు పడింది చాలలేదా" అన్నది కటువైన మాటే. మీకు తగిలినట్టే ఆ అమ్మాయి చెవిన పడితే ఆమెకూ తగిలి ఉంటుంది. అయితే పుట్టకముందు ఏమీ కొనకూడదన్న ఆచారం ఎందుకు పుట్టిందో ఒకసారి ఆలోచించండి. పురుట్లోనే పిల్లలు పోవడం ప్రతి ఇంట్లోనూ జరిగిన రోజులు మరీ పాతవేమీ కావు. బిడ్డ పోయిన ఇంట్లో ఖాళీ ఉయ్యాల కళ్ల ముందు ఊగుతుంటే ఆ తల్లి ఎలా బతకాలి? అందుకని ఉయ్యాలే తేవద్దన్నారు. మా అమ్మమ్మ ఇంట్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఒకటి ఉండేదట. ఏడో రోజున బిడ్డ పోతే, ఎవరూ చూడకముందే మా ముత్తవ్వ నిచ్చెన వేసుకుని తాడు కోసేసింది. దూలం మీద ఆ తాడు ఒరిసిన గాడి నా చిన్నప్పటికీ ఉంది, మధ్యాహ్నం పడుకుంటే సరిగ్గా కళ్లకు ఎదురుగా. ఆ గాడిని చూసి పెరిగిన మనిషిని కనుక మీ అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఆవిడ అన్నది మీ మీద కోపంతో కాకపోవచ్చు. నిరుడు ఆసుపత్రి నుంచి కోడలిని ఇంటికి తీసుకొచ్చి పథ్యం పెట్టింది ఆవిడేనని మీరే రాశారు.

ఆ ఆచారాన్ని మీరు నమ్మవలసిన పని లేదు. ఉయ్యాల చేసినంత మాత్రాన ఏ బిడ్డకూ ఏమీ కాదు. ఇంకోటి కూడా చెబుతాను, ఉత్తరంలో మీరు అడగలేదు కానీ ఆ సంచి గురించి రెండుసార్లు రాశారు కనుక చెబుతున్నాను. మేజోళ్లు కొన్నందుకు గర్భం పోదు. నిరుడు జరిగినదానికి మీరు కారణం కాదు, ఆమె కూడా కాదు. ఈ మాట మీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. అందరూ ఆమెను ఓదార్చి ఉంటారు, మీరు ఆసుపత్రి బిల్లులు కట్టి మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఉంటారు.

మామగారి బాధ వేరు. తొలి కానుపు పుట్టింట్లో, ఉయ్యాల పుట్టింటివారిది. ఆయన లెక్కలో అది మర్యాద. మీరు చేస్తున్నారని ఎవరి నోటో విన్నారు, తమ స్తోమతను తక్కువగా చూశారనుకున్నారు. ఇది ఒక్క ఫోనుతో పోయే చిక్కు. "మావయ్యగారూ, ఉయ్యాల మీదే, వేడుక మీ ఇంట్లోనే. నాకు చేతులు ఊరుకోక ఏదో చేసుకున్నాను" అంటే చాలు, ఆ పెద్దాయన మెత్తబడతారు.

అసలు మీ ఇద్దరికీ పోటీయే లేదు, రోజులు లెక్కవేసి చూడండి. కానుపు సంక్రాంతి ప్రాంతంలో. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో ఉయ్యాలలో వేసేది అక్కడే. మూడో నెల అయినా ఐదో నెల అయినా నిండాకనే తల్లీబిడ్డలు విజయనగరం వస్తారు, అంటే ఎండాకాలానికి. ఉయ్యాల తొట్టి ఎంతవరకు పనికొస్తుంది? బిడ్డ బోర్లాపడటం, చేతుల మీద లేవడం మొదలుపెట్టేదాకా, నాలుగైదు నెలలు. ఆ తరవాత ఊగే తొట్టిలోంచి దొర్లిపడే ప్రమాదం ఉంది, ఆపేయాలి. మీరు ఇంత కష్టపడి చేస్తున్న తొట్టి, బిడ్డ మీ గడప తొక్కేసరికి ఇరుకైపోతుంది. అప్పుడు ఆ ఇంట్లో కావలసింది చుట్టూ కటకటాలున్న నేలబారు మంచం, బట్టలకు ఒక బీరువా. వాటికి మీ చేతిలో ఆరు నెలలు ఉన్నాయి.

ఇక దుప్పటి. ఇంత ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ నాలుగు వాక్యాలే. మీ అమ్మ మనసు ఏమిటో రాశారు, మామగారి మనసు రాశారు, ఆమె దగ్గరికి వచ్చేసరికి "ఏమీ అనలేదు" అని ఆపేశారు. మీరు అడిగారా? ఆ దుప్పటికి ఎన్ని అర్థాలైనా ఉండవచ్చు. చూడలేక కప్పి ఉండవచ్చు. అత్తగారి కంట పడి మళ్లీ మాట రాకూడదని కప్పి ఉండవచ్చు. దుమ్ము పడకూడదని, వచ్చి విప్పుకోవాలని కట్టి ఉండవచ్చు. వద్దనుకున్న వస్తువుకు నాలుగు మూలలా ముడి ఎందుకు వేస్తారు అని నాకు ఒకవైపు అనిపిస్తోంది, అయినా అది నా ఊహ. ఆమె మనసు ఆమే చెప్పాలి.

మీరు బొమ్మ వేసిన గిజిగాడి సంగతి తెలుసు కదా. గూడు అల్లేది మగ పిట్టే. వానాకాలంలో తాటాకు పీచు చీల్చుకొచ్చి సగం గూడు, తలకిందులు చేసిన బుట్టలా, అల్లి ఆపుతుంది. దాని కింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడ పిట్ట వచ్చి కూర్చుని చూసుకుని ఒప్పుకున్నాకే కింది గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. ఒప్పుకోకపోతే ఆ సగం గూడును అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. మన తాటితోపుల్లో సగం గూళ్లు అన్ని కనిపించేది అందుకే. మీరు మాత్రం ఆమెను పిలవకుండానే మొత్తం అల్లుకుంటూ పోయారు. ప్రేమతోనే చేశారు, నాకు అనుమానం లేదు. నిరుడు చేతులు కట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చోవలసి వచ్చిన మనిషి ఈసారి ఆ చేతులకు పని చెప్పుకున్నాడు. కానీ మోస్తున్నది ఆమె. ఆశపడటానికి ఆమెకు ఇంకా ధైర్యం చాలడం లేదేమో. రోజూ మీరు ఆశను కోసి, రుద్ది, రంగు వేసి కళ్ల ముందు పెడుతుంటే ఊపిరాడలేదేమో.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం.

కానుపయ్యే దాకా అంతా ఆపేయవచ్చు. అమ్మగారు ఊపిరి పీల్చుకుంటారు, బిడ్డకు నష్టమేమీ లేదు. నష్టం మీకే. ఈ రెండు నెలలూ సాయంత్రాలు ఆ వరండాలో ఒంటరిగా గడపాలి, మీ స్వభావానికి అది కష్టం. ఒప్పుకుని ఆపితే సరే, సాధింపుగా ఆపితే ఆ కోపం బాలింతరాలి దగ్గర బయటపడుతుంది.

లేదా బిడ్డ పేరు పెట్టని పని చేయండి. బీరువా ఇంటికి ఎప్పుడైనా కావలసిందే, దానికి ఏ ఆచారమూ అడ్డురాదు. కొత్త చెక్కతో చేసి, ముందు ఆమె చీరలు పెట్టండి. పిల్లల బట్టలు తరవాత అందులోకి వాటంతటవే వస్తాయి. వెనకనుంచి గోడకు మేకులతో బిగించడం మరిచిపోవద్దు. నడక వచ్చిన పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, బీరువా మీద పడుతుంది. అమ్మగారికీ ఒక పని అప్పగించండి: పాత నూలు చీరలు ఉతికి పొత్తిగుడ్డలకు చింపి ఉంచమనండి. ఇంట్లో ఉన్న పాతబట్టే కనుక ముందుగా తెచ్చిందన్న శంక ఉండదు. పసిబిడ్డ ఒంటికి అంతకంటే మెత్తనిదీ లేదు.

నాకు ఎక్కువ నచ్చేది మూడోది, అయితే ఆమె ఊ అంటేనే. మంచం మీరే చేయండి, ఇంట్లో కాకుండా మీకు తెలిసిన వడ్రంగి కొట్టంలో. పురుడు వచ్చి, శుభవార్త విన్నాక ఇంటికి తెచ్చుకోండి. ముందుగా చెప్పి ఉంచి, తరవాత తెచ్చుకోవడానికి మీ అమ్మగారు బహుశా అభ్యంతరం చెప్పరు. ఇంకో లాభం, ఆ వడ్రంగి మీ చేతిపని చూసి సరిదిద్దుతాడు. ఫోను చూసి నేర్చుకున్న బిగింపులు ఊపుకు, బరువుకు ఎలా ఆగుతాయో అనుభవం ఉన్నవాడికే తెలుస్తుంది. ఖర్చు పెరుగుతుంది, పూర్తిగా నా చేతిదే అన్న తృప్తి కొంత తగ్గుతుంది.

చెక్క విషయంలో మీ బొబ్బిలి పక్కనే గొల్లపల్లిలో వీణలు దేనితో చేస్తారో చూశారు కదా, పనస. తేలిక, చెదలు సులువుగా పట్టదు, కొత్తలో పసుపుగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగులోకి ముదురుతుంది. దానికి రంగు వేయకపోయినా అందమే. ప్లైవుడ్ అయితే జిగురు వాసన చాలాకాలం వదలదు. కటకటాల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు, అంతకంటే ఎక్కువైతే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. మూలల కర్రలు పైకి పొడుచుకు రాకూడదు, చొక్కా తగులుకుంటే మెడకు బిగుస్తుంది. పరుపు గట్టిగా, చదునుగా, చట్రానికి అతికినట్టు ఉండాలి, పక్కన రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. దిండ్లు, మెత్తలు, వేలాడే తాళ్లు వద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. మామగారు కొనే ఉయ్యాలకు కూడా ఇవే కొలతలు. ఫోనులో ఆ మాట మెల్లగా చెప్పి, రంగు వేయనిదే తీసుకోమనండి.

బొమ్మలు వేయాలన్న ముచ్చట చంపుకోవద్దు. కొత్తగా కొన్న నీళ్ల రంగు, డబ్బా మీద సీసం పరిమితి రాసి ఉన్నది, నోరు అందని కింది చెక్కలకూ వెనకవైపుకూ వేయండి. పై అంచులు వట్టి చెక్కగా వదిలేయండి. రంగు వేశాక కనీసం నాలుగు వారాలు గాలికి ఆరనివ్వాలి. చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల గట్టిపడటానికి ఆ సమయం పడుతుంది. రంగు రంగుల వస్తువు చేతికివ్వాలనుకుంటే అంకుడు కర్రకు ఆకులు, గింజల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూసి చేసే ఏటికొప్పాక గిలక ఒకటి తెప్పించండి.

ఇవన్నీ తరవాత. ఈ ఆదివారం బస్సెక్కి నరసన్నపేట వెళ్లండి, ఫోనులో అడిగే విషయాలు కావు ఇవి. సీసం సంగతి మొదట చెప్పండి, ఆమెకు తెలియాలి. తరవాత దుప్పటి గురించి అడగండి. అడిగి ఊరుకోండి. ఆమె జవాబు చెప్పడానికి సమయం తీసుకుంటే మధ్యలో మీరు అందుకుని వివరించవద్దు. నిరుటి మాట వస్తే రానివ్వండి. ఏడిస్తే కంగారుపడి మాట మార్చవద్దు. మీకు కన్నీళ్లు వస్తే దాచుకోవద్దు, ఏడాదిగా దాచుకున్నది చాలు.

సంచి ఎలాగూ వెంట ఉంటుంది. లోపలి అర తెరవాలో వద్దో అక్కడ, ఆమె పక్కన కూర్చున్నాక, మీకే తెలుస్తుంది.